తొట్టి కడిగినందుకు

3, సోమవారం

ఇల్లు శుభ్రం చేసినందుకు భార్య వదిలి వెళ్లిపోయిన మగవాణ్ని ఈ భూమ్మీద నేనొక్కణ్నే అయ్యుంటాను.

జరిగింది జరిగినట్టు రాసుకుంటాను, రేపెప్పుడైనా నాకే అనుమానం వస్తే చూసుకోవడానికి. పోయిన వారం ఆవిడ వాళ్ల పిన్నిని చూడ్డానికి వెళ్లింది. హాల్లో ఆవిడ చేపల తొట్టి ఉంది. వెనక అద్దమంతా పచ్చటి పాచి, అడుగున నల్లటి మడ్డి, నీళ్లు పల్చటి టీ రంగు. తిరిగొచ్చేసరికి తళతళలాడుతూ ఉంటే సంతోషిస్తుందని ఆదివారం నడుం విరిగేలా కూర్చుని కడిగాను. ఇసుక కడిగాను. రాళ్లు కడిగాను. కర్రముక్క కడిగాను. మొక్కల వేళ్లు కూడా కడిగాను. మా కంపెనీ ద్రావణమే వాడాను, ఊరూ పేరూ లేనిది కాదు. మరక అన్నది ఆనవాలు లేకుండా పోయింది. చేపల్ని అంతసేపూ కుళాయి నీళ్ల బకెట్లో జాగ్రత్తగానే ఉంచాను.

సాయంత్రానికి అన్నీ తేలిపోయాయి.

ఇవాళ ఆవిడ వచ్చింది. తొట్టి ముందు కాసేపు నిలబడింది. ఉత్త నీళ్లలో తిరుగుతున్న గాలి మోటారు స్విచ్ ఆపేసింది. విప్పని బ్యాగు మళ్లీ భుజానికి తగిలించుకుని తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది. ఒక్క మాట లేదు. అరవాలంటే అరవచ్చు, తిట్టాలంటే తిట్టచ్చు. నేనూ జవాబు చెప్పేవాణ్ని. మాట్లాడకుండా పోవడం ఏం మర్యాద?

చేపలే కదా.

ముట్టుకోవద్దని ముందే ఒక్క మాట చెప్పి ఉంటే నేను ముట్టుకునేవాణ్నా?

4, మంగళవారం

ఆఫీసులో నా ఎదురు టేబుల్ ఆవిడ తమ్ముడిది. అదీ నా ప్రారబ్ధమే. సీసాల వెనక ఉండే మాటలు నేను రాస్తాను: వాడే విధానం, హెచ్చరిక, పిల్లలకు అందకుండా ఉంచండి. ఆ మాటలు ఏ సైజులో ఏ మూలన ఉండాలో మా బావమరిది చూస్తాడు. ఇన్నేళ్లుగా రాస్తున్నాను, ఒక్కడంటే ఒక్కడు చదివిన పాపాన పోలేదు. సీసా ముందున్న బొమ్మ చూసి కొనేస్తారు, తర్వాత చేతులు మండుతున్నాయని ఫోన్ చేస్తారు. ఆ ఫోన్లకి జవాబు చెప్పేదీ నేనే.

మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ అన్నాడు.

"అక్క బానే ఉంది బావా. తింటోంది, పడుకుంటోంది. కంగారుపడకు."

"ఎవరు కంగారుపడ్డారు?"

"పొద్దుట్నుంచీ నా క్యారేజీ వంకే చూస్తున్నావు. ఇది మా ఆవిడ వండింది. అక్క వండలేదు."

నేను క్యారేజీ వంక చూడలేదు. దాని వెనకున్న గడియారం వంక చూశాను.

6, గురువారం

ఇంట్లో ఖాళీ తొట్టికి ఎదురుగా కూర్చుని కాఫీ తాగుతుంటే ఒళ్లు మండిపోయింది. ఏముంది అందులో? ఒక అద్దాల పెట్టె, ఇసుక, నాలుగు మొక్కలు, నీళ్లు. దీని మీద ఆవిడ ఆరేళ్లు పెట్టింది. నేను వారంలో చేసి చూపిస్తాను. చూపిస్తాను అంటే ఆవిడకి అని కాదు. ఊరికే.

ఇంట్లో పెడితే ఆవిడ కోసం పెట్టినట్టుంటుంది. అందుకని ఆఫీసులో నా టేబుల్ మీద పెడతాను. బావమరిది చూసి ఇంటికెళ్లి చెప్తాడన్న ఉద్దేశం నాకు లేదు. చెప్తే మాత్రం నేనేం చెయ్యగలను?

8, శనివారం

ఆఫీసు సగంరోజే కాబట్టి అందరూ వెళ్లాక మొదలుపెట్టాను. మా వీధి చివరి కొట్లో కొన్నాను: అడుగు పొడవు తొట్టి, సంచీడు ఇసుక, పైన తగిలించే దీపం, స్పాంజి ఉన్న ఫిల్టరు, దానికి గాలి మోటారు, ఒక కర్రముక్క, తడి కాగితంలో చుట్టిన మొక్కలు.

కొత్త ఇసుక కడగాలట. కొట్టువాడే చెప్పాడు, నీళ్లు తేటబడేదాకా కడగమని. అంటే ఈ ఇసుక కడిగితే న్యాయం, ఆ ఇసుక కడిగితే నేరం. ఈ శాస్త్రం ఎవడు రాశాడో గానీ వాడు మా ఆవిడ తరఫు చుట్టం అయ్యుండాలి.

ఆఫీసు బాత్రూంలో బకెట్ పెట్టుకుని కడిగాను. తొట్టిలో వెనక ఎత్తుగా, ముందు పల్లంగా పరిచాను. మధ్యలో కర్రముక్క పెట్టాను. మొక్కల్ని పొడవాటి పట్టకారుతో ఇసుకలో గుచ్చాను. తీరా నీళ్లు పొయ్యగానే నాటినవన్నీ ఒక్కొక్కటే లేచి పైకొచ్చాయి. మళ్లీ నాటాను. మళ్లీ లేచాయి. ఇలాంటి మొండిఘటాల్ని నేనెక్కడా చూడలేదు. అది అబద్ధం, ఒకరిని చూశాను.

చివరికి తొట్టిలో పళ్లెం పెట్టి, దాని మీద కొంచెం కొంచెంగా పోస్తే నిలబడ్డాయి. మోటారు వేశాను. గుడగుడమంటూ బుడగలు. చాలాసేపు చూశాను.

10, సోమవారం

పొద్దున్నే మేనేజరమ్మ వచ్చింది. ఆవిడ ఏ విషయాన్నైనా ముందు మెచ్చుకుని తర్వాత తీసెయ్యమంటుంది.

"బావుందండీ. కానీ పక్కనే ప్లగ్గులున్నాయి. ఒలికితే?"

"ఒలకదు."

"చేపలేవి?"

"ఇంకా వెయ్యలేదు."

"మరి ఎందుకు పెట్టారు?"

ఆవిడ తర్వాత ఆఫీసు ఆఫీసంతా వరసకట్టింది. చేపలేవి, చేపలేవి. టీ ఇచ్చేవాడు కూడా. మొక్కలు కనపడవా వీళ్లకి? నేను రాసిన హెచ్చరికలు కనపడవు, నేను నాటిన మొక్కలూ కనపడవు.

నీళ్లు మాత్రం పాలు కలిపినట్టు తెల్లగా అయ్యాయి. బావమరిదితో అన్నాను, నా స్నేహితుడొకడు తొట్టి పెట్టాడు, నీళ్లు మబ్బుగా అయ్యాయట, మీ అక్కకి తెలుసేమో అడుగు, అని.

"ఆ స్నేహితుడి తొట్టి ఈ టేబుల్ మీదున్నదేనా బావా?"

"అడుగుతావా అడగవా?"

11, మంగళవారం

అడిగాడు.

"నీళ్లు మార్చొద్దంది అక్క. మబ్బు దానంతటదే పోతుందట. కుళాయి నీళ్లు సరాసరి పొయ్యకుండా ఒకరోజు బకెట్లో నిలవ ఉంచి పొయ్యమంది. చేపలు మాత్రం నెల దాకా వద్దంది. ఇంకా నీళ్లు తయారవలేదట."

నీళ్లు తయారవడమేంటి, అదేమన్నా వంటా? నెల ఆగాలా? కావాలని నన్ను సాధిస్తోంది.

అయినా చెప్పింది. చెప్పకుండా ఉండలేకపోయింది. అది గమనించాలి.

13, గురువారం

మొక్కల ఆకులు కరిగిపోతున్నాయి. పట్టుకుంటే చేతిలో గుజ్జు. బావమరిది వాళ్లక్క చెప్పిందట, కొత్త నీళ్లకి పాత ఆకులు పోతాయి, కొత్తవి వస్తాయి, పీకెయ్యొద్దు అని. కుళ్లిపోతున్నదాన్ని చూస్తూ ఊరుకోవడం ఏం పద్ధతి? నా చిన్నప్పట్నుంచీ కుళ్లింది ఏదైనా తీసిపారెయ్యమనే నేర్పారు.

రెండు పీకాను. మిగతావి ఉంచాను.

15, శనివారం

సోమవారం హెడ్డాఫీసు వాళ్లు వస్తున్నారట. "ఆ ఖాళీ తొట్టి గురించి అడిగితే నేనేం చెప్పను?" అంది మేనేజరమ్మ. అందరి ముందూ అంది. నవ్వినవాళ్లు కూడా ఉన్నారు.

వీధి చివరి కొట్టుకి వెళ్లాను. వారమే అయింది, వెయ్యచ్చా అని అడిగాను.

"వేసెయ్యండి సార్, ఏం కాదు. చేపలు నీళ్లలోనేగా ఉండేది."

ఆ మాట నాకు నచ్చింది. తర్కం ఉంది. పక్కన నీలం గీత ఉన్న చిన్న చేపలు మూడు కొన్నాను. తొట్టిలో వదలగానే మూడూ ఒక గుంపుగా కర్ర చుట్టూ తిరిగాయి. ఆ నీలం గీత దీపం కింద వెలిగింది. ఎంత బావున్నాయో రాయడం నాకు చేతకాదు, నేను రాసేది సీసాల వెనక.

బావమరిదికి చెప్పలేదు. సోమవారం చూసి వాడే వెళ్లి చెప్పుకుంటాడు. నెల ఆగమంది కదా, ఆగకుండానే ఎలా ఉన్నాయో చూడమను.

17, సోమవారం

ఒకటి పోయింది. హెడ్డాఫీసు వాళ్లు వచ్చారు, తొట్టి వంక చూడనైనా చూడలేదు.

18, మంగళవారం

ఇంకొకటి. మూడోది నీటి పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది. కొట్టువాడికి ఫోన్ చేస్తే, "ఒక్కోసారి అంతే సార్, ఇంకో మూడు తీసుకెళ్లండి" అన్నాడు. వాడి గొంతులో ఎంత హాయి. మనుషులు ఇంత తేలిగ్గా ఎలా బతుకుతారు?

బావమరిది ఏమీ అనలేదు. అంటే బావుండేది.

20, గురువారం

మూడోది కూడా.

చెత్తబుట్టలో వెయ్యబుద్ధి కాలేదు. కాగితంలో పెట్టి, కిందికెళ్లి, బళ్లు నిలిపే చోట ఉన్న పూలకుండీలో పెట్టి మట్టి కప్పాను. కాపలా ఆయన చూసి అటు తిరిగాడు.

చేపలే కదా.

మధ్యాహ్నం అన్నం దిగలేదు.

21, శుక్రవారం

మా ఇంటి తొట్టిలో మీసాల చేప ఒకటి ఉండేది, అడుగున కర్ర కింద దాక్కునేది. ఆవిడ దాన్ని తాతగారు అనేది. తాతగారు ఇవాళ బయటికొచ్చారు, తాతగారికి ఒంట్లో బాలేదు, అంటూ ఉండేది. నేను పేపరు చూస్తూ ఉండేవాణ్ని. ఆరేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు. అంత పెద్ద చేప మా ఇంట్లో ఉందని బకెట్లో పడ్డాకే తెలిసింది.

నాకెవరు చూపించారు గనక?

22, శనివారం

బావమరిది మా కంపెనీ మరకల ద్రావణం సీసా తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు, వెనకవైపు నాకు కనపడేలా తిప్పి. అన్నిటికన్నా అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో: చేపలకు ప్రాణహాని. అవి ఉన్న నీటిలో కలవనీయరాదు.

"అది చెరువుల గురించి రాసింది" అన్నాను.

"రాసింది నువ్వే కదా బావా."

"ఇంత చిన్నగా పెట్టింది నువ్వే కదా."

"చోటు లేదు మరి. నువ్వే అన్నావు, ఎలాగూ ఎవడూ చదవడు, కుదించెయ్యి అని."

తర్వాత అతను దాన్ని తీసుకెళ్లి అలమారలో పెట్టాడు. అతని పద్ధతి నాకు ఏమాత్రం నచ్చలేదు.

27, గురువారం

కరిగిన మొక్క మొదలు దగ్గర కొత్త ఆకు. వేలి గోరంత. లేత ఆకుపచ్చ. నేనేమీ చెయ్యలేదు, వచ్చింది.

నీళ్లు తేటబడ్డాయి. అదీ నేనేమీ చెయ్యకుండానే.

30, ఆదివారం

ఆఫీసు లేదు. ఊరికే వెళ్లి తొట్టి చూసొచ్చాను.

ఆవిడ ఫోన్ చేసిన సంగతి గుర్తుంది. పిన్ని ఇంటి నుంచి చేసింది, కడగడానికి ముందురోజు. ఏదో చెప్పింది. అది తొట్టి గురించే అయ్యుండాలని ఏముంది? నేనప్పుడు చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. ఆవిరి చప్పుడులో సగం వినపడదు.

1, మంగళవారం

పొద్దున్నే రాగానే బావమరిదిని అడగడం అలవాటైపోయింది.

"అక్క ఏమంది?"

"దీపం ఎక్కువసేపు వెయ్యొద్దంది. పాచి పడుతుందట."

"ఇంకా?"

"కర్రకి కట్టాల్సిన మొక్కని నువ్వు ఇసుకలో పూడ్చావని చెప్తే నవ్వింది."

నవ్విందట. ఎలా నవ్విందని అడగబోయి ఊరుకున్నాను. ఆవిడ నవ్వితే ముందు కళ్లు మూసుకుంటుంది, తర్వాతే చప్పుడొస్తుంది. మొక్కని తీసి దారంతో కర్రకి కట్టాను. రోజంతా పని బాగా సాగింది. గాజు తుడిచే ద్రావణానికి కొత్త హెచ్చరిక రాసి, అక్షరాలు పెద్దవి చెయ్యమని పోట్లాడాను.

5, శనివారం

ఫొటో తీయించాను. మొక్కలు నీటి పైదాకా వచ్చాయి. రెండు చిన్న నత్తలు మొక్కలతో పాటే వచ్చినట్టున్నాయి, అద్దం మీద నెమ్మదిగా పాకుతున్నాయి. నాలుగు వారాలైంది కానీ చేపలు మళ్లీ వెయ్యలేదు. తొందరేముంది? చేపలేవి అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నాకే వాళ్ల మీద జాలేస్తోంది.

ఫొటో వాళ్లక్కకి చూపించమని బావమరిదికిచ్చాను.

7, సోమవారం

బావుందందట.

చూడు, ఒక మనిషికి కోపం పోవాలంటే పోతుంది. నేను మొదట్నుంచీ అదే అంటున్నాను. ఇంకో వారంలో వచ్చేస్తుంది. వచ్చినప్పుడు నేను ఎత్తిపొడవను.

11, శుక్రవారం

ఆకుల అంచున నల్లగా ఏదో వస్తోంది, మీసం వెంట్రుకల్లా. గీకితే పోవట్లేదు. బావమరిదిని వాళ్లక్కని అడగమన్నాను.

12, శనివారం

పెన్ను ఒత్తి రాస్తుంటే కాగితం చిరుగుతోంది. కోపంతోనే.

వీధి చివరి కొట్టువాడి మొహం చూడకూడదని ఒట్టేసుకున్నాను కాబట్టి బస్సెక్కి ఊరికి ఆ చివరనున్న పెద్ద కొట్టుకి వెళ్లాను, ఇంకో మొక్క కొందామని. లోపల వరసలు వరసలుగా తొట్లు. అవతలి వరసలోంచి గొంతు వినపడింది.

"ఆకుల అంచున నల్లగా, మీసం వెంట్రుకల్లా వస్తోందండీ. గీకితే పోవట్లేదు. మా బావ అడుగుతున్నాడు."

నేను నిన్న అన్న మాటలే, అక్షరం పొల్లుపోలేదు. చుట్టూ తిరిగి వెళ్లాను. కొట్టావిడ ముందు బావమరిది నిలబడి ఉన్నాడు. నన్ను చూసి మొహం పాలిపోయింది.

"అక్కని అడుగుతానన్నావు."

"అడిగానూ..." నీళ్లు నమిలాడు. "మొదటిరోజు అడిగాను బావా. నీ ఊసెత్తగానే లేచి లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ అడగలేదు."

"నీళ్లు మార్చొద్దంది?"

"ఈవిడ చెప్పింది."

"నెల ఆగమంది?"

"అదీ ఈవిడే."

"నవ్విందన్నావు."

"నేనే నవ్వాను బావా."

ఫొటో గురించి అడగలేదు. కొట్టావిడ మా ఇద్దరి వంకా చూసి, మేత డబ్బాలు సర్దుకోవడానికి పక్కకి వెళ్లింది.

"ఎందుకు చేశావు?" అన్నాను.

"రోజూ పొద్దున్నే వచ్చి, చెప్పులైనా విడవకుండా, అక్క ఏమంది అని అడుగుతావు. ఏమీ అనలేదు అని రోజూ ఎలా చెప్పమంటావు?"

నన్ను ఇంత వెర్రివాణ్ని చేసినవాడు ఇంకొకడు లేడు. మొక్క కొనకుండానే వచ్చేశాను.

14, సోమవారం

అతనితో మాట్లాడటం మానేశాను. అతను టీ తెచ్చి పెట్టాడు, తాగలేదు. సాయంత్రం చల్లారిపోయి ఉంటే పారబోసి కప్పు కడిగి ఇచ్చాను.

అంటే ఇన్ని రోజులూ ఆవిడ ఒక్క మాట అనలేదు.

ఒక్క మాట.

17, గురువారం

ఆవిడ తిరిగి రాకపోవచ్చు.

20, ఆదివారం

బావమరిది ఇంటికి వెళ్లాను. బస్సులో దారంతా మాటలు సర్దుకున్నాను. ఒకటి, నా ఉద్దేశం మంచిది. రెండు, ఇన్ని వారాల శిక్ష ఏ కోర్టూ వెయ్యదు. మూడు, తమ్ముడి చేత నాటకాలు ఆడించడం బాలేదు. ఆ మూడోది తప్పని నాకే తెలుసు, అయినా ఉంచుకున్నాను, చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా.

తలుపు చెల్లెమ్మ తీసింది, అదే, బావమరిది భార్య. "రండన్నయ్యగారూ. వదిన పైనుంది" అని వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. బావమరిది హాల్లో పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆవిడ మేడ మీద ఆరిన దుప్పట్లు మడతపెడుతోంది. నన్ను చూసి మడత ఆపలేదు. కొంచెం చిక్కింది. సర్దుకున్న మాటలన్నీ ఎక్కడికి పోయాయో తెలియదు. నోట్లోంచి వచ్చింది ఇది.

"నా దగ్గర చేపలు చచ్చిపోయాయి."

చేతులు ఆగాయి. "మీ దగ్గర ఎక్కడివి?"

"ఆఫీసులో. టేబుల్ మీద తొట్టి పెట్టాను. మీ తమ్ముడు చెప్పలేదా?"

"చెప్పబోయాడు. వినలేదు నేను. ఎలా పోయాయి?"

"నీళ్లు తయారవకముందే వేశాను."

"ఆగమని ఎవరూ చెప్పలేదా?"

"చెప్పారు. వినలేదు."

అప్పుడు నా వంక చూసింది. "నేనూ చెప్పాను" అంది. గొంతు పెంచలేదు. "పిన్ని ఇంటి నుంచి ఫోన్ చేసి మరీ చెప్పాను. తొట్టి జోలికి వెళ్లకండి, మేత కూడా వెయ్యకండి, రెండ్రోజులకి వాటికేం కాదు, నేనొచ్చి చూసుకుంటాను అని. మీరు ఊ అన్నారు."

"నేనప్పుడు ఇస్త్రీ..."

"మీరు ఊ అన్నారు."

అన్నాను. ఇప్పుడు రాస్తుంటే నా గొంతే నాకు వినపడుతోంది. ఆవిడ ఏం చెప్పినా అలాగే అంటాను. అది విన్నట్టు కాదు, అయిపోయిందా అని అడిగినట్టు.

"తాతగారు ఆ కర్ర కిందనుంచి బయటికి రావడానికి ఏడాది పట్టింది నాకు" అంది. "తర్వాత నా వేలి దగ్గరికొచ్చి తినేవారు. ఎన్నిసార్లు పిలిచానో మిమ్మల్ని, వచ్చి చూడండి అని. మీరు ఒక్కసారి చూడలేదు."

"చూశాను. బకెట్లో."

నేను ఆపాల్సింది, ఆపలేకపోయాను. "పైకొచ్చి నోరు తెరుస్తూ మూస్తూ ఉన్నారు. ఆకలేస్తోందనుకున్నాను. మేత వేశాను."

దుప్పటి పట్టుకునే కింద కూర్చుండిపోయింది. ఏడ్చింది. నేను చూస్తుండగా ఆవిడ ఏడవడం చాలా ఏళ్ల తర్వాత ఇదే. నేనూ ఏడ్చాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి రాసుకుంటున్నాను, నాకు కోపం రాలేదు. ఇన్నాళ్లలో నాకు కోపం రాని సమయం అదొక్కటే. తప్పు నాది అన్నాను. గట్టిగానే అన్నాను, కింద పేపరు చప్పుడు ఆగింది.

ఎంతసేపటికో ఆవిడ దుప్పటి అంచుతో మొహం తుడుచుకుంది.

"మీ తొట్టికి ఫిల్టరుందా?"

"స్పాంజిది ఉంది."

"మురికి పట్టిందా?"

"బాగా పట్టింది. గోధుమరంగు జిగురు. రేపు కడుగుదామని..."

"కడక్కండి."

నా చెయ్యి పట్టుకున్నంత వేగంగా అంది. "ఆ మురికే నీళ్లని బాగుచేసేది. మీరు కడిగింది అదే, నా తొట్టిలో. సగం కోసి, మీ తొట్టి నీళ్లలోనే పెట్టి, ఎలా ఉన్నది అలా తీసుకురండి. మిగతా సగం మీ తొట్టికి సరిపోతుంది. ఇవాళే ఇంట్లో బకెట్లలో నీళ్లు పట్టి ఉంచండి, రేపు ఇంటికొస్తాను. నా తొట్టి మళ్లీ మొదలుపెట్టాలి."

"తర్వాత?"

"తర్వాత సంగతి తర్వాత."

కిందికి దిగుతుంటే బావమరిది పేపరు దించి, ఏమైంది అన్నట్టు కళ్లెగరేశాడు. నీ అబద్ధాలు నీ దగ్గరే పెట్టుకో అన్నాను. వెంటనే, రేపు టీ తాగుదాం అని కూడా అన్నాను.

21, సోమవారం

మధ్యాహ్నం క్యారేజీలో పెద్ద గిన్నె ఖాళీ చేసి, స్పాంజి సగానికి కోశాను. ఆఫీసు కత్తెరకి సరిగా తెగదు. లేబుళ్ల కత్తి బావమరిది ఇచ్చాడు, అడక్కుండానే. గోధుమరంగు నీళ్లు మోచేతుల దాకా కారాయి. వాసన వానకి తడిసిన మట్టిలా ఉంది. మేనేజరమ్మ దూరం నుంచి చూసి, మెచ్చుకోకుండానే వెళ్లిపోయింది.

బస్సులో గిన్నె ఒళ్లో పెట్టుకున్నాను. మూత బిగుతు కాదు. గతుకు వచ్చినప్పుడల్లా ఒలికి ప్యాంటు మీద మరక. పక్క సీటావిడ ముక్కు మూసుకుంది.

"ఏంటండీ అది? కాస్త కడిగి తెచ్చుకోవచ్చుగా."

అరికాలి మంట నెత్తికెక్కింది. "కడక్కూడదండీ" అన్నాను, బస్సంతా వినపడేలా. "తెలియకపోతే అడగాలి. తెలియకుండా కడిగెయ్యడమేనా?" ఆవిడ లేచి వేరే సీట్లోకి వెళ్లింది. వెళ్లనీ. మంచి మాట చెప్తే వినేవాళ్లు ఎక్కడున్నారు ఈ కాలంలో? మూత జారకుండా రెండు చేతులా పట్టుకుని దిగాను.

ఇంటి తలుపు తీసే ఉంది. తన తాళం చెవితో పొద్దున్నే వచ్చిందట. తొట్టిని మంచినీళ్లతో ఎన్నోసార్లు తొలిచి, ఇసుకా కర్రా పారేసి కొత్తవి వేసి, నేను నిన్న పట్టి ఉంచిన నిలవ నీళ్లు నింపి ఉంచింది. ద్రావణం వాసన ఇంకా ఉందేమోనని వంగి చూస్తోంది. నేను కూడా వంగి చూశాను. నాకు తెలియలేదు, ఆవిడ లేదంది.

గిన్నె మూత తీసింది. లోపలికి చూసి, మొహం పెట్టలేదు. స్పాంజిని రెండు చేతుల్తో ఎత్తి, నీళ్లలో నెమ్మదిగా దించి, ఒక మూల గొట్టానికి గుచ్చింది. నీళ్లలోకి గోధుమరంగు మబ్బు లేచింది. అలమారలోంచి నేను తుడిచే గుడ్డ తీయలేదు. మోటారు స్విచ్ వేసింది.

చాలాసేపు ఇద్దరం అక్కడే నిలబడ్డాం. బ్యాగు తెచ్చిందో లేదో అని గది వైపు తొంగి చూడాలనిపించింది, చూడలేదు.

"రాత్రి ఈ మోటారు ఆపకండి" అంది, కళ్లు తొట్టి మీదే పెట్టి. "స్పాంజి పిండకండి. నీళ్లు ఎలా ఉన్నాయో రేపు పొద్దున నేను చూస్తాను."

నేను ఊ అనలేదు.

"మోటారు ఆపను. స్పాంజి పిండను. రేపు పొద్దున నువ్వు చూస్తావు" అన్నాను.